పక్షవాతం వచ్చినోళ్ళని మళ్ళీ వీధిలోకి నడిపించేది ఎట్లా

"ఇంట్లో బాగానే నడస్తా ఉండాడు మేడమ్, బాత్రూముకి తనే పోతాడు, గేటు దాటమంటే మాత్రం దాటడు." తిరుపతిలో పక్షవాతం పేషెంట్ల ఇళ్ళకి ఫిజియోథెరపీకి పోతా ఉంటాను కాబట్టి ఈ మాట నాకు చానా ఇళ్ళల్లో వినపడుతుంది. మొదటి రెండు మూడు నెలలు ఇంటిల్లిపాదీ కష్టపడతారు, చెయ్యి కాలు పడిపోయిన మనిషిని మంచం మీద నుంచి లేపి, కూర్చోబెట్టి, నిలబెట్టి, హాల్లో నాలుగడుగులు వేయిస్తారు, ఆ నాలుగడుగులు పడగానే అమ్మయ్య అనుకుని ఆపేస్తారు. "కాలు పూర్తిగా బాగయ్యాక బయటికి పోదాంలే" అంటారు. అట్లా ఆపితే కాలూ బాగవదు, బయటికీ పోరు.

ఇంట్లో నడక వేరు, వీధిలో నడక వేరు. ఇంట్లో టైల్స్ సమానంగా ఉంటాయి, తూలితే పట్టుకోడానికి గోడో ఫ్రిజ్జో ఉంటుంది, తొందరపెట్టేవాళ్ళు ఉండరు. గేటు బయట బండి ఎక్కించుకోడానికి కట్టిన ఏటవాలు ర్యాంపు, దాని కింద కాలవ మీద కదిలే బండ, ఇసక, వెనక నుంచి హారన్, కుక్కలు, ఇవి కాక ఎదురింటోళ్ళు ఆగి చూసే చూపు. వీటన్నిటికీ శరీరం మళ్ళీ అలవాటు పడాలంటే ప్రాక్టీస్ అక్కడే చెయ్యాలి, హాల్లో వంద రౌండ్లు వేసినా ఆ ర్యాంపు దిగడం రాదు.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. ఇంగ్లాండులో నాటింగ్‌హామ్ దగ్గర 168 మంది స్ట్రోక్ (పక్షవాతం) పేషెంట్లని రెండు గ్రూపులు చేసి చూశారు, 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చింది. ఒక గ్రూపుకి బస్సులు, ట్యాక్సీల వివరాలుండే కాగితాలు ఇచ్చి వదిలేశారు, ఇంకో గ్రూపుకి ఆ కాగితాలతో పాటు థెరపిస్టు ఇంటికొచ్చి గరిష్ఠంగా ఏడు సార్లు దగ్గరుండి బయటి ప్రయాణాలు ప్రాక్టీస్ చేయించారు. నాలుగు నెలల తర్వాత అడిగితే, కావాల్సినప్పుడల్లా బయటికి పోగలుగుతున్నాం అన్నవాళ్ళ శాతం మొదటి గ్రూపులో కన్నా రెండో గ్రూపులో దాదాపు 1.7 రెట్లు ఉంది. తర్వాత 568 మందితో ఇంకా పెద్ద స్టడీ చేస్తే జీవన నాణ్యత స్కోరులో పెద్ద తేడా కనపడలేదు, బయటికి పోయిన ట్రిప్పులు మాత్రం పెరిగాయి. అంటే బయట తిప్పితే అన్నీ మారిపోతాయని ఆశ పెట్టుకోవద్దు, కానీ తోడుండి బయటికి తీసుకుపోతే మనుషులు బయటికి పోతారు, ఇది గట్టిగా చెప్పొచ్చు. మన దగ్గర థెరపిస్టు ఏడు సార్లు వచ్చి రోడ్డు మీద తిప్పడం అందరికీ కుదరదు, అందుకే ఇంట్లోవాళ్ళు నేర్చుకోవాలని ఇది రాస్తున్నాను.

మొదలుపెట్టేముందు చూసుకోవాల్సినవి

డాక్టర్‌ని ఒక్కసారి అడగండి, ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా. ఆ మాత్రలు వాడేవాళ్ళు కింద పడి తలకి దెబ్బ తగిలితే పైకి గాయం లేకపోయినా హాస్పిటల్‌కి పోవాల్సిందే. బీపీ మిషన్ ఇంట్లో ఉంటే బయల్దేరేముందు చూడండి, 180/110 దాటి ఉంటే ఆ రోజు నడక వద్దు, డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. షుగర్ ఉన్నవాళ్ళని ఖాళీ కడుపుతో తీసుకుపోవద్దు.

చాలామంది వదిలేసేది చూపు సంగతి. స్ట్రోక్ వల్ల కన్ను బాగానే ఉన్నా ఒక పక్క సగం కనపడకుండా పోవచ్చు, లేదా మెదడు కుడి పక్క దెబ్బతింటే ఎడమ పక్క అనేదే లేనట్టు ఉండిపోవచ్చు. దీన్ని ఇంట్లోనే గమనించొచ్చు: కంచంలో ఒక పక్క అన్నం అట్లే వదిలేస్తున్నారా, ఎప్పుడూ ఒకే భుజం తలుపుకి కొట్టుకుంటున్నారా, ఆ పక్క నుంచి పిలిస్తే వెతుక్కుంటున్నారా. అట్లా ఉంటే కాలు ఎంత బాగున్నా రోడ్డు ఒంటరిగా దాటనివ్వద్దు. మీరు ఆ పక్కే నడవండి, ఆ పక్కకి తల పూర్తిగా తిప్పి చూడమని ప్రతిసారీ చెప్పండి.

ఇంకోటి, స్పీడు. మిద్దె మీదో వీధిలోనో ముగ్గుపిండితో పది మీటర్ల దూరంలో రెండు గీతలు గియ్యండి, మొదటి గీతకి రెండడుగులు వెనక నుంచి మామూలుగా నడవమని చెప్పి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టండి. పది మీటర్లకి 25 సెకండ్ల కన్నా ఎక్కువ పడితే ఇంకా ఇంటి నడకే, గేటు, పక్కిల్లు వరకే పెట్టుకోండి. 12, 13 నుంచి 25 సెకండ్ల మధ్య అయితే తోడుతో వీధి చివరి దాకా పోవచ్చు. అంతకన్నా తక్కువ పడితే అంగళ్ళ వీధికి, గుడికి పొయ్యే స్థాయి వచ్చినట్టే. ఈ లెక్క 1995లో అమెరికాలో జాక్వెలిన్ పెర్రీ అనే డాక్టర్ టీమ్ స్ట్రోక్ పేషెంట్ల నడక చూసి వేసింది, ఇప్పటికీ మేమందరం వాడతాం. రెండు వారాలకోసారి కొలిచి క్యాలెండర్లో రాయండి, పేషెంటుకి కనపడేట్టు.

చెప్పులు, స్ప్లింట్, కట్టె

హవాయి చెప్పులు వద్దు. పడిపోయిన కాలికి వేళ్ళతో పట్టుకునే బలం ఉండదు, చెప్పు జారిపోతుంది, దాన్ని పట్టుకోవాలని వేళ్ళు ముడుచుకుని కాలు ఇంకా బిగుసుకుంటుంది. వెనక పట్టీ, పైన అతికించే పట్టీ ఉన్న శాండల్ కొనండి. పాదం ముందుభాగం లేవక నేలకి రాసుకుంటా ఉంటే దానికి ఏఎఫ్ఓ అనే ప్లాస్టిక్ స్ప్లింట్ ఉంటుంది, పిక్క వెనక నుంచి అరికాలి కింద దాకా వస్తుంది. అలిపిరి రోడ్డులో స్విమ్స్ ఆస్పత్రి పక్కనే ఉండే టీటీడీ వాళ్ళ బర్డ్ హాస్పిటల్ ఇట్లాంటి కాళ్ళూ కీళ్ళ సమస్యల కోసమే ఉంది, అక్కడ చూపించుకోవచ్చు. కొలత తీసి చేసిందే తీసుకోండి, బజార్లో మీడియం, లార్జ్ అని కొనేసింది చీలమండ దగ్గర ఒరుసుకుంటుంది. షుగర్ ఉన్నోళ్ళకి అది పుండయిందంటే నడక నెలల తరబడి ఆగిపోతుంది, అందుకే స్ప్లింట్ తీసిన ప్రతిసారీ చర్మం మీద ఎర్ర మచ్చలున్నాయా చూడండి.

మన ఊర్లలో ఇంకో తిప్పలుంది. ఇంట్లోకైనా గుడిలోకైనా చెప్పులు విప్పాలి, స్ప్లింట్ మాత్రం కాలికే ఉంటుంది, ఉత్త ప్లాస్టిక్ నున్నటి బండల మీద సర్రున జారుతుంది. స్ప్లింట్ చేసేవాళ్ళనే అడిగి అడుగున పలచటి రబ్బరు సోలు అతికించుకోండి. ఇది అడగాలని చాలామందికి తోచదు.

కట్టె ఎప్పుడూ బాగున్న చేతిలోనే. చెయ్యి వేలాడేసి నిలబడితే మణికట్టు గీత ఎంత ఎత్తులో ఉంటుందో పిడి అంత ఎత్తుండాలి. నాలుగు కాళ్ళ స్టిక్కు ఇంట్లో బాగుంటుంది గానీ గతుకుల రోడ్డు మీద నాలుగు కాళ్ళూ ఒకేసారి ఆనవు, ఊగుతుంది, వీధికి ఒంటి కట్టే మేలు, బ్యాలెన్స్ దానికి సరిపోతుందో లేదో ఫిజియో చూసి చెప్తారు. కింద రబ్బరు బుష్ అరిగిందేమో చూసుకోండి. బట్టలు కూడా: పంచె, లుంగీ, పాదాల దాకా దిగే నైటీ, ఇవి కాలికి చుట్టుకుంటాయి. అమ్మవాళ్ళు చీరే కట్టుకుంటాం అంటే చీలమండ పైకి కట్టి కుచ్చిళ్ళకి పిన్ను పెట్టండి.

తోడు నడిచేవాళ్ళు పడిపోయిన పక్క, ఒక అర అడుగు వెనగ్గా ఉండాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగడం, చంకలో చెయ్యేసి ఎత్తడం అస్సలు చెయ్యొద్దు, ఆ భుజం కీలు వదులుగా ఉంటుంది, జారి నొప్పి మొదలైతే రాత్రిళ్ళు నిద్ర కూడా ఉండదు. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి వెనక నుంచి దాన్ని పట్టుకోండి. తూలితే గాల్లో ఆపాలని చూడకుండా మీ తొడ మీదికి ఆనించుకుని మెల్లగా కిందికి కూర్చోబెట్టడం ఫిజియో దగ్గర ఒకసారి చేసి చూడండి.

యాడికి పోవాల్నో వాళ్ళనే అడగండి

ఇదే అసలు విషయం. "వాకింగ్‌కి పోదాం పా నాయనా" అంటే కదలని మనిషి, అంగట్లో టీ తాగి వద్దాం అంటే కట్టె వెతుక్కుంటాడు. తిరుపతి కొర్లగుంటలో ఒక పెద్దాయన ఎక్సర్‌సైజ్ అంటే మొహం తిప్పుకునేవాడు, పొద్దున్నే పేపరు అంగడి కాడ నలుగురితో కూర్చునే అలవాటు ఆయనకి ముందు నుంచీ ఉంది, ఆ అంగడే టార్గెట్ పెట్టుకున్నాం. ఇంటి నుంచి అంగడి దాకా దారిని ముక్కలు చేశాం: గడప, రెండు మెట్లు, ర్యాంపు, కాలవ బండ, తర్వాత కరెంటు స్తంభాలు. మొదట మూడు రోజులు ర్యాంపు ఒక్కటే, దిగేది ఎక్కేది. ర్యాంపు దిగేటప్పుడు శరీరం ముందుకి తోసుకుపోతుంది, భయంతో మోకాలు బిగదీస్తారు, అందుకే నేరుగా కాకుండా కొంచెం ఏటవాలుగా, చిన్న చిన్న అడుగులతో దింపాం. తర్వాత ఒక స్తంభం దాకా పోయి రావడం, అది అలవాటయ్యాక రెండో స్తంభం. స్తంభాల మధ్య ఎవరి అరుగు మీద కూర్చోవచ్చో ముందే వాళ్ళతో మాట్లాడి పెట్టాం, అరుగు లేని చోటికి ఆయన మనవడు ప్లాస్టిక్ స్టూలు పట్టుకొచ్చేవాడు. అంగడి చేరిన రోజు ఆయన పేపరు చదవలేదు, ఊరికే అందరి మాటలూ వింటా కూర్చున్నాడు.

ఆడవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళని ఈ ప్రశ్న ఎవరూ అడగరు. నాయనకి పక్షవాతం వస్తే బయటికి పోవాలి కదా అనుకుంటాం, అమ్మకి వస్తే "ఆమెకి బయట ఏం పని, ఇంట్లోనే ఉంటుంది, మేం చూసుకుంటాం" అంటాం. ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ ఆమెకి కూరగాయలు తనే ఏరుకోవాలని ఉంటుంది, చెల్లెలింటికి పోవాలని ఉంటుంది, శుక్రవారం తిరుచానూరు పోవాలని ఉంటుంది. అడిగి చూడండి, మాట సరిగా రాకపోతే నాలుగు చోట్ల ఫోటోలు ఫోన్లో చూపించి వేలు పెట్టమనండి.

మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు, కట్టె ఎప్పుడూ పడిపోయిన కాలితోనే పోతుంది. రోజూ చెప్పిస్తే నోటికొచ్చేస్తుంది.

వీధిలో మొదటి వారాల్లో నడిచేటప్పుడు మాట్లాడించొద్దు. స్ట్రోక్ తర్వాత నడక మీదే మొత్తం ధ్యాస పెట్టాల్సి వస్తుంది, ఎవరో "ఏమన్నా, ఎట్లుండావు?" అనగానే అడుగు తడబడుతుంది. పలకరిస్తే ఆగి నిలబడి మాట్లాడి మళ్ళీ కదలమనండి. నడక కుదురుకున్నాక మీరే కావాలని మాట్లాడించండి, సామాన్ల లిస్టు చెప్పించండి, అదీ ప్రాక్టీసే. వెనక్కి తిరగాలంటే గిరుక్కున తిరగకుండా పెద్ద చుట్టుగా నడిచి తిరగాలి. హారన్ కొడితే కాలు చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంటాయి, అప్పుడు అడుగు వెయ్యకుండా బాగున్న కాలి మీద బరువేసి నిలబడి, బిగువు వదిలాక కదలాలి.

చోటు, టైము

మన దగ్గర ఎండ సంగతి తెలిసిందే కదా, ఫిబ్రవరి చివర నుంచే పొద్దున ఎనిమిది లోపల ఇంటికొచ్చేయాలి. నీళ్ళ బాటిల్ మర్చిపోవద్దు, బాత్రూముకి లేవాల్సొస్తుందని నీళ్ళు తాగడం తగ్గించేస్తారు చాలామంది, అది మంచిది కాదు. వీధి అలవాటయ్యాక తిరుపతిలో ప్రకాశం పార్కు, ఎస్వీ యూనివర్సిటీ లోపలి రోడ్లు పొద్దున పూట బాగుంటాయి, చెట్ల నీడ ఉంటుంది. గాంధీ రోడ్డు, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల, బస్టాండు, ఇవి చివర్లో, అదీ శని ఆదివారాలు, బ్రహ్మోత్సవాల రోజులు కాకుండా. చిత్తూరులోవాళ్ళు కూడా బజారు వీధులకి ముందే పోవద్దు, ఇంటి దగ్గర స్కూలు గ్రౌండ్ ఉంటే దాంతో మొదలుపెట్టండి.

మొక్కుల గురించి చానామంది అడుగుతారు. "నడక వస్తే మెట్లెక్కి వస్తానని స్వామికి మొక్కుకున్నా" అంటారు. అలిపిరి దారి 3,550 మెట్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే గంటలు పడుతుంది. బీపీ, గుండె చూపించుకోకుండా ఆ పని చెయ్యొద్దు. మొదట అలిపిరి పాదాల మండపం దాకా ఆటోలో పోయి, దండం పెట్టుకుని, అక్కడ కొంచెం నడిచి రండి. తర్వాత కొండకి బస్సులో పోయి, వృద్ధులకి, దివ్యాంగులకి ఉండే ప్రత్యేక దర్శనం టికెట్ ముందే ఆన్‌లైన్లో తీసుకుని చూసి రండి. అదే పెద్ద ప్రయాణం.

ఆటో, బస్సు

షేర్ ఆటో వద్దు, మొదట్లో ఆటో సపరేటుగా మాట్లాడుకోండి. డ్రైవర్‌కి ముందే చెప్పి అరుగు పక్కనో ఎత్తైన చోటనో ఆపమంటే ఎక్కే ఎత్తు తగ్గుతుంది. ఎడమ పక్క నుంచే ఎక్కుతాం కదా, కుడి పక్క పడిపోయినోళ్ళకి డ్రైవర్ సీటు వెనకుండే కడ్డీ ఎడమ చేతికి నేరుగా అందుతుంది, అది పట్టుకుని ఎడమ కాలు లోపల పెట్టి, కూర్చున్నాక కుడి కాలు చేత్తో ఎత్తి పెట్టుకోవచ్చు. ఎడమ పక్క పడిపోయినోళ్ళకి ఆ కడ్డీ ఎక్కేటప్పుడు పనికిరాదు, కుడి చేతికి వెనకుండే టాపు ఫ్రేమ్ పట్టించాలి. దిగేటప్పుడు మొహం బయటికి ఉంటుంది కాబట్టి ఇదంతా తిరగబడుతుంది. ఆగిన ఆటోలో నాలుగైదు సార్లు ఊరికే ఎక్కి దిగితే చాలు, డ్రైవర్‌కి ఒక ఇరవై రూపాయలు ఎక్కువిస్తే ఓపిగ్గా నిలబడతాడు. బైకు వెనక మాత్రం కూర్చోబెట్టొద్దు, అందులోనూ ఒక పక్కకి కాళ్ళేసి.

బస్సులో మొదటి మెట్టు ఇంటి మెట్ల కన్నా బాగా ఎత్తు, ఇంట్లో ఎత్తైన అరుగు మీద దాన్ని ముందే ప్రాక్టీస్ చెయ్యండి. మొదటిసారి బస్సు బయల్దేరే చోట ఎక్కండి, మధ్య స్టాపులో కాదు, ఆగి ఉన్న బస్సులో నిదానంగా ఎక్కి ముందు సీటు చూసుకోవచ్చు. కండక్టర్‌కి "దిగేదానికి టైం పడుతుందన్నా" అని ఎక్కగానే చెప్పండి. బస్సు పూర్తిగా ఆగేదాకా సీట్లోంచి లేవొద్దు, ఎవరు తొందరపెట్టినా. ఆర్టీసీలో 60 దాటినోళ్ళకి టికెట్లో 25 శాతం తగ్గింపు ఉంది, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఫ్రీ, దాని వల్ల రష్షు పెరిగింది కాబట్టి స్కూళ్ళ టైము తప్పించి పోండి. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో చెప్పే ప్రభుత్వ పత్రం) తీసుకోని వాళ్ళు తీసుకోండి, దివ్యాంగుల పెన్షన్ నెలకి 6,000, పూర్తిగా మంచానికో వీల్‌ఛెయిర్‌కో పరిమితమైనోళ్ళకి 15,000 వస్తుంది. ఫిజియోకి, స్ప్లింట్‌కి ఆ డబ్బు పనికొస్తుంది.

నాటుమందుకి పోవడం మన జిల్లాలో మామూలే, పోవద్దని గొడవపడను, నమ్మకం ఉన్నవాళ్ళని ఆపలేం కూడా. కానీ పథ్యం పేరుతో బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు ఆపితే రెండో స్ట్రోక్ రావచ్చు, అది మొదటిదాని కన్నా ఘోరంగా ఉండొచ్చు. మాత్రలు ఆపొద్దు, నడక ఆపొద్దు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మెదడు వేగంగా కోలుకుంటుంది, ఆ నెలలు మంచం మీద గడిచిపోతే నాకు చాలా బాధగా ఉంటుంది. ఏడాది దాటినోళ్ళు మాత్రం మాకింక లాభం లేదు అనుకోవద్దు, అప్పుడు కూడా ప్రాక్టీస్‌తో దూరం పెరుగుతుంది, నిదానంగా.

దారిలో ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే అక్కడే కూర్చోబెట్టండి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో కొత్తగా బలం తగ్గడం కనపడితే ఇంటికి తీసుకుపోయి చూద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చెయ్యండి, మెదడులో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైము.

చివరికి ఒంటరిగా వదిలే రోజు కూడా రావాలి, దానికీ ఒక వరస ఉంది. మొదట పక్కనే, తర్వాత పది అడుగులు వెనక, తర్వాత మీరు గేటు దగ్గర నిలబడి కనపడినంత దూరం, ఆ తర్వాత ఫోన్. కూర్చున్న చోట నుంచి తనే లేవగలగాలి, ఆగి రెండు పక్కలా చూసి తనే నిర్ణయం తీసుకోగలగాలి, దారిలో ఎక్కడ ఆగాలో తెలిసుండాలి, ఈ మూడూ కుదిరితేనే. జేబులో పేరు, ఇంటి అడ్రసు, మీ నంబరు, వాడే మాత్రల పేర్లు రాసిన కార్డు పెట్టండి, మాట రాని వాళ్ళయితే "నాకు పక్షవాతం వచ్చింది, మాట్లాడటానికి టైం పడుతుంది, అర్థమవుతుంది" అని దాని మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఫోన్లో మీ నంబరు ఒక్క బటన్‌తో పోయేట్టు పెట్టి, బాగున్న చేతికి అందే జేబులో వెయ్యండి. ఒక చోటికి తనే పోయి రావడం అలవాటయ్యాక, ఇంక యాడికి పోవాల్నని మళ్ళీ అడగండి.